చక్రాల గుర్రానికి గేరు పడిన కథ

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను బీటెక్ మెకానికల్. థియరీ ఆఫ్ మెషీన్స్‌లో డెబ్భై ఆరు మార్కులు వచ్చాయి, గేర్ ట్రెయిన్ల లెక్కలు కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. నాలుగో ఏడాదిలో క్యాంపస్‌కి ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది, ఏ బ్రాంచి అయినా ఫరవాలేదంది, వెళ్ళి కూర్చున్నా, తీసేసుకున్నారు. మీలో చాలామంది కథ ఇదే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. అలా ఇరవై ఏళ్ళకి పైగా ఇంజనీరునని చెప్పుకుని బతికేశాక, మొన్న చలికాలంలో మొదటిసారి ఒక గేరుబాక్సు విప్పి లోపలికి చూశాను. చూసి, ఎవరూ గమనించకముందే మళ్ళీ మూసేద్దామా అనుకున్నాను.

ఆ కథే ఈ టపా. కాస్త పొడుగే. మధ్యలో మా బావ వస్తాడు, ఒక పాత మాట కూడా వస్తుంది.

మేముండేది ఇండియానాపోలిస్ శివార్లలో. నాలుగేళ్ళ కింద ఎకరంపావు స్థలం ఉన్న ఇల్లు కొన్నాం. ఫోన్లో "ఎకరంపావు" అనగానే మా నాన్న గొంతే మారిపోయింది, మావాడు పొలం కొన్నాడని ఊళ్ళో అందరికీ చెప్పేశాడు. అది గడ్డి నాన్నా అంటే వినడే! ఆ గడ్డిలో ఓ మూల గోంగూర, దోస, బీర వేయాలని మా ఆవిడ కోరిక. నేల చూస్తే బంకమట్టి, పార దిగదు. పైగా చలికాలం వస్తే రోడ్డు దాకా పొడుగాటి దారి, దాని మీద మంచు. గడ్డి కోసే బండి ఒకటి ఉంది గానీ, దానికి నాగలి తగిలిస్తే అది చచ్చిపోతుంది. ఇప్పుడొచ్చే చౌక రకం గడ్డి బళ్ళలో గేరుబాక్సుని అచ్చంగా సీలు చేసేస్తారు. పోయిందా, విప్పేది లేదు, తీసి కొత్తది పెట్టడమే.

అందుకని పాతది వెతికాను. నలభై నిమిషాల దూరంలో ఒక పెద్దాయన కొట్టంలో దొరికింది: 1976 నాటి వీల్ హార్స్ సీ-120. మూడొందల డాలర్లు. "ఇంజను గడియారంలా నడుస్తుంది, గేరు మాత్రం నిలవదు," అని ఆయన నిజాయితీగానే చెప్పాడు. గేరే కదా, ఏ స్ప్రింగో ఊడి ఉంటుంది అనుకున్నా. (మన ఎస్టిమేట్లు తెలిసినవే కదా.)

దీని పుట్టుక కాస్త చెప్పాలి. ఇండియానా రాష్ట్రంలోనే ఉత్తరాన సౌత్ బెండ్ అని ఊరుంది, మాకు సుమారు మూడు గంటల దారి. 1946లో ఎల్మర్ పాండ్ అనే ఆయన, కొడుకు సెసిల్‌తో కలిసి అక్కడ చిన్న ట్రాక్టర్లు చేయడం మొదలెట్టాడు. అదే వీల్ హార్స్. అంటే చక్రాల గుర్రం అన్నమాట. 1974లో అమెరికన్ మోటార్స్ కొనుక్కుంది, 1986లో టోరో చేతికి వెళ్ళింది. కంపెనీ చేతులు మారింది గానీ గుర్రాలు మాత్రం ఇప్పటికీ కొట్టాల్లో, పశువుల పాకల్లో బతికే ఉన్నాయి. నాదానికి పన్నెండు హార్స్‌పవర్ల కోలర్ ఇంజను, ఒకటే సిలిండరు, అంతా పోత ఇనుము. వెనకాల గేర్లు, డిఫరెన్షియలు, యాక్సిళ్ళు అన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె నిట్టనిలువుగా రెండు బద్దలు. మధ్యలో ప్యాకింగు, చుట్టూ బోల్టులు. మామిడికాయని నిలువునా చీల్చి మళ్ళీ అతికించినట్టుంటుంది.

దాన్ని ఇంటికి తెచ్చి కింద ఉన్న ప్లగ్గు తీస్తే నల్లటి ఆయిలు రావాలి. వచ్చింది మాత్రం పాలెక్కువైన కాఫీ. దాదాపు గ్లాసుడు ముందు ఉత్త నీళ్ళే వచ్చాయి. గేరు రాడ్డు మొదట్లో రబ్బరు తొడుగు ఉంటుంది, అది చిరిగిపోయింది. ఎన్ని వానలు తాగిందో ఆ గుర్రం.

మామూలుగా నేను చేసేది ఏంటంటే వీడియోలు చూడటం. చూశా. ప్రతి వీడియోలోనూ ఒకాయన నవ్వుతూ "ఇప్పుడు హబ్బు లాగేయండి" అంటాడు, హబ్బు వచ్చేస్తుంది. నా హబ్బు రాలేదు. రెండు వారాలు లాగినా రాలేదు. అప్పుడు ఇక గత్యంతరం లేక మా బావకి ఫోన్ చేశాను.

మా అక్క భర్త. నరసరావుపేట దగ్గర ట్రాక్టర్ల షెడ్డు. ముప్ఫై ఐదేళ్ళుగా అదే పని. ఆ చుట్టుపక్కల మాసీ గేరుబాక్సు అంటే ఆయన దగ్గరికే తోలుకొస్తారు. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకుని రెండు వారాలు వీడియోలు ఎందుకు చూశానంటే, కారణం ఉంది.

2015 మే నెల. ఇండియా వెళ్ళాం. మేనల్లుడు పదో తరగతి పాసయ్యాడు. అక్కా వాళ్ళ వరండాలో అందరం కూర్చుని మామిడికాయలు తింటున్నాం. బావ అన్నాడు: "వీణ్ణి డిప్లొమాలో వేద్దామనుకుంటున్నానయ్యా, మెకానికల్. సాయంత్రాలు షెడ్డులో ఉంటాడు, పని కూడా వంటబడుతుంది." పిల్లాడికీ అదే ఇష్టం. పదమూడేళ్ళకే గేరుబాక్సు మూత తీసి పెట్టేవాడు. నేను అప్పుడు మంచి ఊపులో ఉన్నాను, కొత్తగా లీడ్ అయ్యాను. "ఈ గ్రీజు బతుకు నీతో పోనియ్యి బావా, వాణ్ణి కూడా ఎందుకు దింపడం?" అన్నాను. అందరి ముందూ. మా నాన్న తలూపాడు, అక్క నా వైపే మాట్లాడింది. బావ ఏమీ అనలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పని ఉందని షెడ్డుకెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఫోన్ చేస్తే "బాగున్నారా, పిల్లలు బాగున్నారా" అనేవాడు. అంతకు ముందు నన్ను ఎప్పుడూ "ఏమయ్యా" అనే పిలిచేవాడు. పదేళ్ళ నుంచీ "మీరు". పైవాళ్ళకి మర్యాదలా అనిపిస్తుంది. బావల దగ్గర మర్యాద ఎంత దెబ్బో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

సరే, వీడియో కాల్ చేశాను. నాకు రాత్రి ఎనిమిదిన్నర, ఆయనకి పొద్దున్న ఏడు. అప్పుడే షెడ్డు తలుపులు తీస్తున్నాడు. విషయం చెప్పాను.

"గేరు నిలవట్లేదంటారా?" అన్నాడు. "ఎంత బండి?"

"పన్నెండు హెచ్‌పీ."

కాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నా. "దీన్ని ట్రాక్టరంటారా అక్కడ?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. ఫోను తిప్పి అంతా చూపించాను. గేర్లెన్ని అని అడిగాడు. పేరుకి ఎనిమిది, మూడు ముందువి, ఒక రివర్సు, వాటికి హై ఒకటి లో ఒకటి, అంటే ఆరు ముందుకి రెండు వెనక్కి అన్నాను. అప్పుడు కొంచెం ముందుకి వంగాడు. "ఆరు ముందుకి, రెండు వెనక్కి... మా మాసీ 1035 లెక్కే కదా! జారే గేర్లేనా?" జారే గేర్లే. మాసీలో హై-లో మార్చేది విడిగా ఎపిసైక్లిక్‌లో ఉంటుందట, ఇందులో అదీ ఒక జారే గేరే, అంతే తేడా. వానకి తడిసి గేరుబాక్సులో నీళ్ళు పడ్డ బళ్ళు ఆయనకి కొత్తేం కాదు.

ఇంతలో నేను హబ్బు చూపిద్దామని పక్కనున్న సుత్తి అందుకున్నాను.

"ఏమయ్యా! సుత్తి కింద పెట్టు! అది పోత ఇనుము, పగిలి చస్తుంది!"

పెట్టేశాను. ఆయన గమనించలేదు గానీ, నేను గమనించాను.

హబ్బు సంగతి ఏంటంటే, యాక్సిలు మీద హబ్బు కూర్చుంటుంది, మధ్యలో అర్ధచంద్రం ఆకారంలో కీ, పైనుంచి ఒక బోల్టు బిగిస్తారు. యాభై ఏళ్ళలో యాక్సిలూ హబ్బూ తుప్పుతో ఒకటైపోతాయి. నేను చేస్తున్న తప్పు, బలం పెట్టడం. బావ చెప్పింది వేరు. పుల్లరు తగిలించు, బిగుతుగా వచ్చేదాకా తిప్పు, చాలు. గేర్ ఆయిలు కాదు, పలచటి నూనె చుక్కలుగా వెయ్. (ఆటోమేటిక్ కార్ల ట్రాన్స్‌మిషన్ ఆయిలు, అసిటోను సగం సగం కలిపి వాడతారు ఇక్కడ. అది చెప్తే "అయితే మంట దగ్గరికి రానీకు" అన్నాడు.) రోజుకి పావు చుట్టు తిప్పు, వదిలెయ్, అన్నం తిను, పడుకో. "అదే వస్తుంది. నువ్వు లాగితే రాదు, దానికి రావాలనిపిస్తే వస్తుంది."

నేను రోజూ పావు చుట్టు తిప్పి లోపలికొచ్చేవాణ్ణి. ఇదేం ప్రాజెక్ట్ ప్లానండీ, డెడ్‌లైను లేదు, స్టేటస్ మీటింగులో "వేచి ఉన్నాం" అని తప్ప చెప్పడానికేం లేదు. ఆరో రోజు రాత్రి రెండింటికి గరాజులోంచి తుపాకీ పేలినట్టు ఢామ్మని మోత. మా ఆవిడ లేచి కూర్చుంది. పోలీసులకి ఫోన్ చేయబోతుంటే ఆపి, కిందకెళ్ళి చూశాను. హబ్బు పావంగుళం బయటికొచ్చి కూర్చుంది. ఆ రాత్రి రెండింటికి నేను గరాజులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. బావకి అప్పుడు పగలే కాబట్టి వెంటనే ఫొటో పంపాను. "రెండోది?" అని జవాబు. రెండోది ఇంకో నాలుగు రోజులు తీసుకుంది.

రెండు బద్దలు విడదీసే ముందు ఇంకో రోజు ఆపాడు నన్ను. యాక్సిలు చివర కీ గాడి ఉంటుంది కదా, దాని అంచులు లేచి ఉంటాయి. అవి ఆకురాయితో రుద్ది నున్నగా చేయకుండా పెట్టె లాగితే, లోపలి బేరింగుని గీరుకుంటూ వస్తాయట. గంటసేపు రుద్దాను. ఈ విషయం నేను చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనే ఉంది, అదీ ఇరవయ్యో నిమిషంలో.

తర్వాత బోల్టులు తీసి పై బద్ద ఎత్తాను. ఎత్తగానే ఏదో టిక్కుమని ఎగిరి నా బుగ్గకి తగిలి ఎటో పోయింది.

గేరు ఫోర్కులు రెండు రాడ్ల మీద జారతాయి. గేరు వేసిన చోట అది నిలబడాలంటే, రాడ్డు మీద గాడి ఉండి, ఆ గాడిలోకి ఒక చిన్న ఉక్కు గుండు, స్ప్రింగు నెడుతుంటే, కూర్చోవాలి. గేరు మార్చినప్పుడు చేతికి తెలిసే ఆ "టక్" అదే. అంత పెద్ద ఇనుప పెట్టెకి, మనం ఏ గేరులో ఉన్నామో గుర్తుంచుకునేది బఠాణీ గింజకన్నా చిన్న గుండు! దాని కోసం చీపురు, అయస్కాంతం, టార్చిలైటు పట్టుకుని గంటన్నర పాకాను. మా అమ్మాయి మంచు బూట్లలో దొరికింది. దీనికి కంట్రోల్-జెడ్ లేదు కదా. బావకి చెప్తే "షెడ్డులో అయితే విప్పేటప్పుడు పైన పాత గుడ్డ కప్పుతాం," అన్నాడు. ముందే చెప్పొచ్చుగా అన్నాను. "గుండు ఎగరని మెకానిక్కు లేడులే, ఒకసారి ఎగరాలి," అన్నాడు.

ఇక లోపల. నీళ్ళున్న కింద భాగంలో తుప్పు, పైభాగం మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తోంది. డీజిల్లో కడిగి (ఇక్కడ కిరోసిన్‌తో), ఒక్కో ముక్కా పాత దుప్పటి మీద వరసగా పేర్చి, ఫొటోలు తీశాను. 1976 పార్ట్స్ పుస్తకం స్కాను చేసి పెట్టినవాళ్ళున్నారు, ప్రతి సీలుకీ బేరింగుకీ నంబరుంది. యాభై ఏళ్ళ తర్వాత అవే నంబర్లతో బేరింగులు వారంలో ఇంటికొచ్చాయి. పోయినేడాది మా టీము వాడిన లైబ్రరీ ఈ ఏడాది దొరకట్లేదు, ఎవరికి చెప్పుకోవాలి?

బేరింగు నంబర్ల మీద బావ ఒక పాఠమే చెప్పాడు. మన దగ్గర మోటార్లలో, బళ్ళలో వాడే బాల్ బేరింగు 6205 ఉందనుకోండి, ఆఖరి రెండంకెల్ని ఐదుతో హెచ్చవేస్తే లోపలి బోరు వచ్చేస్తుంది: ఇరవై ఐదు మిల్లీమీటర్లు. 6206 అయితే ముప్ఫై. 04 నుంచి పైకి అంతా ఇదే లెక్క. కాలిపరు అక్కర్లేదు. నా డబ్బాల మీద చూస్తే సూది బేరింగుకి 1212 అని ఉంది. దాన్ని ఐదుతో హెచ్చవేస్తే కుదరట్లేదు. ఇద్దరం కలిసి కూర్చుని తేల్చాం: అవి అంగుళాల లెక్క, పదహారో వంతుల్లో. మొదటి పన్నెండు బోరు, రెండో పన్నెండు పొడవు. పన్నెండు పదహారోవంతులంటే ముప్పావంగుళం. "మరి చెప్పవేం, ఇది తెలిస్తే అమెరికా బండి కూడా చేస్తాను," అన్నాడు. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి. నా డెబ్భై ఆరు మార్కుల్లో ఈ ముక్క లేదు.

అయినా గేరు ఎందుకు జారుతోందో మాత్రం దొరకలేదు. స్ప్రింగులు బాగానే ఉన్నాయి, గుండు గాడులు బాగానే ఉన్నాయి. రెండో గేరు పళ్ళ అంచులు కొంచెం గుండ్రంగా అరిగాయి, నిజమే. బండి పూర్తిగా ఆగకుండా ఎవరో గేరు మార్చేవారన్నమాట. ఇవి సింక్రో లేని గేర్లు. క్లచ్చు తొక్కి, బండి ఆపి మార్చాలి. అయినా అంత అరుగుదలకే జారకూడదు అంటాడు బావ. మూడు రోజులు నడిచింది ఈ చర్చ.

సంక్రాంతి వచ్చింది. ఆ పొద్దున్న కాల్‌లో బావ పక్కన ఇంకో తలకాయ కనపడింది. మేనల్లుడు.

వాడి సంగతి చెప్పాలి. నా మాట ప్రకారమే అంతా జరిగింది. ఇంటరు, తర్వాత సీఎస్ఈ, 2021లో పాసయ్యాడు, మరుసటేడు ఉద్యోగం, 2024లో తీసేశారు. అప్పట్నుంచీ హైదరాబాదులో నలుగురితో ఒక రూములో ఉంటూ ఏవో కోర్సులు చేస్తున్నాడు. వాడి రెజ్యూమె నేను ముగ్గురికి పంపాను, ముగ్గురూ చూస్తామన్నారు. ఆ తర్వాత నుంచి వాడు ఫోన్ చేస్తే ఎత్తడానికి నాకు మొహం చెల్లేది కాదు. ఇది ఇక్కడ రాయడం కూడా కష్టంగానే ఉంది.

"మావయ్యా, ఆ రెండో గేరు వెలుతురులోకి పెట్టు," అన్నాడు. పెట్టాను. "అలా కాదు, పన్ను పక్కకి తిప్పు. ఆ... ఆగు."

ఆగాను.

"పన్ను మీద మెరుపు సగం వెడల్పు దాకానే ఉంది, చూడు. మిగతా సగం మసగ్గానే ఉంది. అంటే గేరు ఎప్పుడూ పూర్తిగా లోపలికెళ్ళట్లేదు, సగమే పట్టుకుంటోంది. గేరుది కాదు మావయ్యా, ఫోర్కుది. ఫోర్కు అరిగిపోయి పూర్తిగా నెట్టట్లేదు."

ఫోర్కు తీసి చూస్తే ఒకవైపు వేలు గోరులా పలచబడి ఉంది. నాకు కనపడలేదా అంటే కనపడింది, రోజూ కడుగుతూనే ఉన్నా. అలా పలచగా ఉండటమే దాని ఆకారమేమో అనుకున్నా!

బావ వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "వాడికి చిన్నప్పట్నుంచీ చూపుంది," అన్నాడు. నన్ను పొడవడానికి అన్నది కాదు, మామూలుగానే అన్నాడు. దానికే నాకు గొంతు పట్టేసింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకెళ్తా. వాణ్ణి బీటెక్ చదవమనడం తప్పని ఇప్పుడూ అనుకోవట్లేదు. షెడ్డు పని స్వర్గమేం కాదు. బావ మోకాళ్ళు పోయాయి, నడుం పట్టీ లేకుండా వంగలేడు. ఖరీఫులో చేసిన పనికి పంట అమ్ముడయ్యాక గానీ డబ్బు రాదు, పంట పోతే అదీ రాదు. సహాయానికున్న కుర్రాడు బైకు మీద పార్సెళ్ళు పంచే పనికి వెళ్ళిపోయాడు. "వాడు షెడ్డుకి రావాలని ఇప్పుడు నేనూ అనట్లేదులే," అని బావే అన్నాడు మొన్న. నేను చేసిన తప్పు సలహా కాదు, ఆ మాట. గ్రీజు బతుకు. పన్ను మీద సగం మెరుపు చూసి యాభై ఏళ్ళ జబ్బు చెప్పగలిగిన విద్యని, అందులో ఒక్క ముక్క తెలియకుండా, మామిడికాయ చీకుతూ తీసిపారేశాను. అదే ఇంకో ఇంజనీరు నా కోడు చూడకుండా నా పని గురించి అలా అంటే నేను వారం రోజులు నిద్రపోను.

మనలో ఇలాంటి మాటలు అనని వాళ్ళు ఎంతమంది? సెలవులకి వెళ్ళినప్పుడల్లా వరండాల్లో కూర్చుని మనం పిల్లల జాతకాలు ఎన్ని రాయలేదు?

సరే, ఫోర్కు. బావ అయితే గ్యాసు వెల్డింగుతో ఇత్తడి పోసి, ఆకురాయితో రుద్ది, అదే ఫోర్కుని నిలబెట్టేవాడు. నాకంత చేత కాదు. పాత గుర్రాలు విప్పి ముక్కలుగా అమ్మేవాళ్ళ దగ్గర నలభై డాలర్లకి మంచి ఫోర్కు, గేరు తెప్పించాను. సూది బేరింగు దింపేటప్పుడు నంబరు ఉన్న వైపే నొక్కాలి, ఆ అంచే గట్టిది. రెండోవైపు నొక్కితే నలిగిపోతుంది. ఇది బేరింగు డబ్బా మీద రాసుండదు, మేనల్లుడు చెప్పాడు. ఈసారి వాడు హైదరాబాదు రూములోంచి, రాత్రుళ్ళు. వాళ్ళ నాన్న లేకుండా కూడా కాల్ చేయడం మొదలెట్టాడు. ఒక రోజు మధ్యలో, "పెద్ద బళ్ళకి ఇప్పుడు లాప్టాపు పెట్టి చూస్తున్నారు మావయ్యా, నాన్నకి అది రాదు," అన్నాడు. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి 2023 నుంచి కొత్త పొగ నిబంధనలొచ్చాయి, వాటితో పాటు ఇంజన్ల మీదకి ఎలక్ట్రానిక్సూ వచ్చింది. అయితే నువ్వు చూడొచ్చుగా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఈ కుటుంబంలో నా సలహాల కోటా 2015లోనే అయిపోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో అంతా బిగించాను. ప్యాకింగు వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, యాక్సిళ్ళకి గ్రీజు రాసి హబ్బులెక్కించి, చివరగా ఆయిలు. 90 నంబరు గేర్ ఆయిలు రెండు క్వార్టులు, అంటే రెండు లీటర్లకి కొంచెం తక్కువ. షెడ్డులో బావ పోసేదీ 90 నంబరే. ఆయిలు సీసా చేత్తో పట్టుకుని, ఫోన్లో బావ ఒక్కడే ఉన్నాడు కదాని, ధైర్యం చేశాను.

"బావా, అప్పట్లో వరండాలో నేనన్న మాట ఒకటుంది..."

"కింద డ్రెయిన్ ప్లగ్గు బిగించావా ముందు?" అన్నాడు.

బిగించలేదు. ఆయిలు పోసుంటే మొత్తం నా కాళ్ళ మీదే. వంగి బిగించాను. లేచేసరికి ఆయన వేరే విషయంలోకి వెళ్ళిపోయాడు. "ఇంకో పట్టు పట్టు దాన్ని. చాలు, చాలు, మర తెగుద్ది. ఏమయ్యా, ఇంత చేసి ప్లగ్గు మర్చిపోతే ఎట్లా నువ్వు?"

స్టార్టు చేశాను. క్లచ్చు తొక్కి, లో రెండో గేరు. చేతికి "టక్" మని తెలిసింది. ఫోను యాక్సిలు పక్కన పెట్టమన్నాడు, పెట్టి నెమ్మదిగా దారి మీద అటూ ఇటూ నడిపాను. గేరు నిలబడింది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు, వెనకాల ఎవరో రైతు పిలుస్తుంటే చేత్తో ఆగమన్నాడు. "కూత లేదు, కొట్టుకోవట్లేదు. బాగుంది," అన్నాడు. పది రోజుల తర్వాత ఆరంగుళాల మంచు పడితే, ముందు బ్లేడు తగిలించి నాదీ పక్కింటాయనదీ దారి రెండూ తోసేశాను. వీడియో చూసి అక్క, "వీడు అమెరికాలో ట్రాక్టరు డ్రైవరయ్యాడే!" అని నాన్నకి చెప్పిందట. నాన్నకి మహా సంతోషం.

ఆ మర్నాడు పొద్దున్న గరాజులో ఎడమ చక్రం కింద రూపాయి బిళ్ళంత నూనె మరక. ఫొటో పంపాను. తండ్రీకొడుకులిద్దరి దగ్గర్నుంచీ ఒకే ప్రశ్న వచ్చింది: సీలు ఎక్కించేటప్పుడు కీ గాడి మీద టేపు చుట్టావా? కుడివైపు చుట్టాను. ఎడమవైపు తొందరలో మర్చిపోయాను, గాడి అంచుకి సీలు పెదవి తెగింది.

ఎడమ హబ్బు మళ్ళీ తీయాలి. ఇందాకే పుల్లరు బిగించి వచ్చాను. ఈసారి గ్రీజు రాశాను కాబట్టి రాత్రి రెండింటి దాకా ఆగక్కర్లేదేమో, చూడాలి.